పైసా తీసుకోని లిచెస్‌తో చెస్ రేటింగ్ పెరుగుతుందా?

ముందే చెప్పేస్తాను, పెరుగుతుంది. అయితే సైటు తెరవగానే కళ్లకు కొట్టొచ్చినట్టు కనబడే బటన్లు నొక్కుకుంటూ కూర్చుంటే మాత్రం పెరగదు.

నేను తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల టీచర్ని. నలభై దాటాయి. గుంటూరు, విజయవాడ, ఒంగోలు, సెలవులు కలిసొస్తే హైదరాబాద్, ఎక్కడ ఓపెన్ రేటింగ్ టోర్నమెంట్ పెట్టినా వీలైతే వెళ్తాను. ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) రేటింగ్ 1600 పైచిలుకు. గ్రాండ్‌మాస్టర్లు హరికృష్ణ, హారిక మా గుంటూరు వాళ్లే కాబట్టి ఇటువైపు చెస్ అంటే ఇంటింటా గౌరవమే. కాకపోతే ఆ గౌరవమంతా పిల్లల ఆటకే. హాలు బయట కుర్చీలో కూర్చుంటే పక్కన తల్లులు "మీ బాబు ఏ బోర్డు మీద ఆడుతున్నాడండీ?" అని అడుగుతారు. నేనే ఆడుతున్నానని చెప్తే ఒకసారి పైనుంచి కిందకి చూసి, "ఓహో, హాబీనా!" అంటారు. హాబీ కాదు తల్లీ, సీరియస్‌గానే ఆడుతున్నాను. కాకపోతే వంట, పేపర్లు దిద్దడం అయ్యాక రాత్రి మిగిలే గంటే నా శిక్షణ సమయం. ఆ గంటకి లిచెస్ ఎంతవరకు సరిపోతుందన్నదే ఈ సమీక్ష. పిల్లల్ని గ్రాండ్‌మాస్టర్లు చేద్దామనుకునేవాళ్ల లెక్కలు వేరు.

లిచెస్ సంగతి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. 2010లో తిబో డ్యూప్లెసీ అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ మొదలుపెట్టిన సైటు ఇది. ఇప్పుడు ఫ్రాన్స్‌లో లాభాపేక్ష లేని సంఘంగా, విరాళాల మీద నడుస్తోంది. ప్రకటనలు లేవు. ప్రీమియం ప్లాన్ లేదు. విరాళం ఇచ్చినవాళ్లకి పేరు పక్కన చిన్న రెక్కల గుర్తు వస్తుంది, అంతకు మించి ఒక్క సదుపాయం కూడా అదనంగా రాదు. ఇందులో ఏదో మెలిక ఉంటుందని నేనూ చాలా రోజులు వెతికాను. మీరు ఆడే ఆటలన్నీ బహిరంగంగా ఉంటాయి, ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మెలిక అనుకుంటే అదొక్కటే.

ఇక అసలు విషయం. హోమ్‌పేజీ తెరవగానే 1+0, 3+0, 3+2 అని వరసగా గడులుంటాయి. మొదటి అంకె ఒక్కొక్కరికి ఉండే నిమిషాలు, రెండోది ఎత్తుకి కలిసే సెకన్లు. ఒకటి నొక్కితే రెండు సెకన్లలో ప్రత్యర్థి దొరుకుతాడు. ఓడితే కసి, గెలిస్తే ఊపు, ఎటు చూసినా ఇంకో ఆట. రాత్రి పదింటికి కూర్చున్నవాళ్లు పన్నెండున్నరకి లేస్తారు, నేర్చుకున్నది ఏమిటంటే గుండుసున్నా. బ్లిట్జ్, అంటే ఇలాంటి కొద్ది నిమిషాల ఆట, చెడ్డదని కాదు. ఓపెనింగ్ కొత్తగా నేర్చుకున్నప్పుడు మొదటి పది ఎత్తులు చేతికి అలవాటు కావడానికి పనికొస్తుంది. కానీ గంటన్నర సమయం, ఎత్తుకి 30 సెకన్లు అదనం ఉండే టోర్నమెంట్ ఆటకి అది శిక్షణ కాదు. అక్కడ కావాల్సింది ఒక్క ఎత్తు మీద పన్నెండు నిమిషాలు కదలకుండా కూర్చోగలగడం.

అందుకే నేను ఆడేది 15+10, ఆదివారమైతే 30+20. ఈ 30+20కి ప్రత్యర్థి దొరకడం కాస్త ఆలస్యం, దొరికినవాళ్లలో సగం మంది పది నిమిషాలు కూడా వాడకుండా గబగబా ఆడేస్తారు. దానికి మంచి మందు లిచెస్4545 లీగ్. వలంటీర్లు నడిపే టీమ్ లీగ్ అది. పేరులోనే ఉంది, 45 నిమిషాలు, ఎత్తుకి 45 సెకన్లు. ప్రత్యర్థితో మెసేజీల్లో మాట్లాడుకుని ఇద్దరికీ కుదిరిన టైము పెట్టుకోవాలి. అవతలివాళ్లు ఎక్కువగా యూరప్, అమెరికా వాళ్లు కాబట్టి మనకి రాత్రి పొద్దుపోయాకో తెల్లవారుజామునో పడుతుంది. నేను మాత్రం ఆదివారం పొద్దున్నే, ఇంట్లో వాళ్లు లేవకముందు పెట్టుకుంటాను. టీమ్ కోసం ఆడుతున్నామన్న బాధ్యత ఉంటుంది కాబట్టి ఎవరూ ఆషామాషీగా ఆడరు. ఇంట్లో కూర్చుని నిజమైన టోర్నమెంట్‌కి దగ్గరగా ఆడాలంటే నాకు తెలిసి ఇంతకన్నా మంచి దారి లేదు.

ఆడటం సగమే. ఆడిన ఆటని విప్పి చూసుకోవడం దగ్గరే లిచెస్ గొప్పతనం, ప్రమాదం రెండూ ఉన్నాయి. ఆట అయిన మరుక్షణం కంప్యూటర్ అనాలిసిస్ అడగొచ్చు. స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్, అంటే ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రామ్, ఆటంతా చదివి గ్రాఫు గీసి, ఎక్కడ చిన్న పొరపాటు, ఎక్కడ పెద్ద తప్పు, ఎక్కడ కొంప మునిగింది అని రంగులేసి చూపిస్తుంది. ఒకప్పుడు ఇలాంటి విశ్లేషణ ఇంట్లో కావాలంటే ఎంత ఖర్చయ్యేదో పాత ఆటగాళ్లని అడగండి. ఇప్పుడది ఒక క్లిక్. చిక్కల్లా ఏమిటంటే, మనం ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండానే జవాబు వచ్చేస్తుంది. లెక్కల టీచర్ని కదా, వెనక పేజీలో జవాబులు చూసి లెక్క రాసేవాళ్లని ఏటా చూస్తుంటాను. పరీక్షలో ఏం జరుగుతుందో కూడా తెలుసు.

గుకేశ్‌కి చిన్నప్పుడు శిక్షణ ఇచ్చిన విష్ణు ప్రసన్న, రేటింగ్ దాదాపు 2500కి చేరేదాకా ఆ అబ్బాయిని ఇంజిన్ జోలికి పోనివ్వలేదన్న సంగతి చాలామంది చదివే ఉంటారు. ఆ అబ్బాయే 18 ఏళ్లకి, 2024 డిసెంబరులో సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. మనం గుకేశ్‌లం కాదు, ఇంజిన్ని పూర్తిగా మానేయక్కర్లేదు. కానీ వరస మార్చాలి.

నా పద్ధతి ఇదీ. ఆట కాగానే లిచెస్‌లో స్టడీ అనే విభాగంలో దాన్ని ఒక అధ్యాయంగా వేస్తాను. ఒక్కో స్టడీలో 64 అధ్యాయాల దాకా పడతాయి, అందుకని ఏడాదికో స్టడీ. ఇంజిన్ బటన్ ఆపే ఉంచుతాను. ఒక్కో ఎత్తు దగ్గర ఆగి, ఆడేటప్పుడు బుర్రలో ఏముందో తెలుగులోనే రాస్తాను. "ఇక్కడ బిషప్ కొట్టేస్తాడని టెన్షన్", "ఈ బంటు ముందుకు తోయాలనిపించింది, ధైర్యం చాల్లేదు", ఇలాగ. ఏ ఎత్తు మీద ఎంత సమయం పట్టిందో సైటే చూపిస్తుంది, అది కూడా చూసుకోవాలి. ఇంతా అయ్యాకే ఇంజిన్.

ఇలా రాసుకోవడం వల్ల లాభం ఏమిటో నాతో టోర్నమెంట్లకి వచ్చే ఒక బ్యాంకు ఉద్యోగి స్టడీలో బాగా తెలిసింది. ఇద్దరం మా స్టడీలు పంచుకుంటాం. ఆయన ఆటలు ఇంజిన్‌కి ఇస్తే పెద్ద తప్పులేం కనబడవు, ఎండ్‌గేమ్‌లో (పావులు తగ్గిపోయిన ఆఖరి దశలో) ఎక్కడో ఓడిపోతుంటాడు. రాసుకున్న వ్యాఖ్యలు వరసగా చదివితే గానీ సంగతి బయటపడలేదు. దాడి చేసే అవకాశం వచ్చిన ప్రతిసారీ "రిస్క్ ఎందుకు" అని మంత్రుల్ని మార్చేసుకుంటున్నాడు. మార్పిడి ఎత్తుగా చూస్తే తప్పేం కాదు, అందుకే ఇంజిన్ ఏమీ అనలేదు. ఇంజిన్ ఎత్తుని చూస్తుంది, ఆ ఎత్తు ఎందుకు వేశామో దానికి తెలియదు. ఆ సంగతి చెప్పాక, "నువ్వు మా ఆవిడకన్నా ఘోరంగా పట్టేశావు మేడమ్" అన్నాడు. అన్నట్టు ఇప్పుడు ఆయన ఆటలు చూడటానికి ముచ్చటగా ఉంటున్నాయి. గెలుపులు కూడా వస్తున్నాయి.

ఇంజిన్ వాడేటప్పుడు ఇంకో మాట. ఎవరిది పైచేయో అది బంట్ల లెక్కలో చెప్తుంది, +1 అంటే తెల్లకి సుమారు ఒక బంటు ఆధిక్యం. +0.8 కాస్తా +0.3కి పడిపోయిందని అది చూపిస్తే 1600 వాళ్లు పట్టించుకోనక్కర్లేదు. పాయింటున్నర, రెండు పాయింట్ల తేడా వచ్చిన చోట ఆగండి. అనాలిసిస్ కింద "మీ తప్పుల నుంచి నేర్చుకోండి" అనే అర్థం వచ్చే బటన్ ఉంటుంది. నొక్కితే మీరు తప్పిన స్థితినే మళ్లీ బోర్డు మీద పెట్టి, జవాబు దాచి, మంచి ఎత్తు వెతకమంటుంది. అయ్యవారేం చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారన్న సామెత ఉంది కదా, చెస్‌లో అది వెక్కిరింత కాదు, సిలబస్.

పజిళ్ల సంగతికొస్తే, అవన్నీ ఆ సైట్లో మామూలు మనుషులు నిజంగా ఆడిన ఆటల్లోంచి తీసినవి. లక్షల్లో ఉన్నాయి. ఫోర్క్ (ఒకే పావుతో రెండింటి మీద దాడి), పిన్ (వెనకున్న పావు కోసం ముందుది కదల్లేకపోవడం), చివరి వరస మేటు అంటూ అంశాల వారీగా విడగొట్టారు. నేను అంశం ఎంచుకోను. ఫోర్క్ అని ముందే తెలిస్తే ఇంక వెతికేది ఏముంది? అన్నీ కలిపి వచ్చేదే పెట్టుకుంటాను. కష్టం కూడా మన రేటింగ్‌కన్నా 300 ఎక్కువో 600 ఎక్కువో ఉండేలా మార్చుకోవచ్చు. నేను 300 ఎక్కువ పెడతాను, రోజుకి ఆరేడు చాలు. షరతు ఒక్కటే: చివరిదాకా లెక్క కట్టకుండా మొదటి ఎత్తు వేయకూడదు. చూద్దాంలే అని నొక్కడం మొదలుపెడితే అది పజిల్ కాదు, లాటరీ. మూడు నిమిషాల్లో వీలైనన్ని చేయమనే స్టార్మ్ అని ఒకటుంది. అది మాత్రం బస్సులో కాలక్షేపానికి.

పజిళ్ల డాష్‌బోర్డు మీద చాలామంది కన్ను పడదు. గత నెలలో ఏ అంశంలో ఎంత శాతం తప్పారో అక్కడ కనబడుతుంది. మా స్కూల్లో చెస్ ఆడే పిల్లలందరిదీ ఒకటే జబ్బు: చెక్ ఇచ్చే ఎత్తులు, కొట్టే ఎత్తులు చకచకా పట్టేస్తారు. చెక్కూ లేదు, కొట్టుడూ లేదు, ఊరికే ఒక ఎత్తు వేసి ఊపిరాడకుండా చేయాలి, అలాంటివి వస్తే బోల్తా. లిచెస్‌లో వాటికి "క్వయట్ మూవ్" అని, కాపాడుకునే ఎత్తులకి "డిఫెన్సివ్ మూవ్" అని వేరే అంశాలున్నాయి. ఆ రెండింటి కోసం మాత్రం నా నియమం సడలించి విడిగా చేయిస్తాను.

నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది మాత్రం ప్రాక్టీస్ విభాగం. పైకి చిన్న పిల్లల పాఠాల్లా ఉంటుంది, అందుకే పెద్దవాళ్లు లోపలికి వెళ్లరు. వెళ్తే అక్కడ ఏనుగుల ఎండ్‌గేమ్‌లున్నాయి. ఏనుగు, బంటు ఉన్నవాళ్లు ఒట్టి ఏనుగున్నవాళ్ల మీద ఎలా గెలవాలో చూపే లూసెనా స్థితినే తీసుకోండి. తెల్ల రాజు జి8, బంటు జి7, ఏనుగు ఎఫ్1. నల్ల రాజు ఈ7, ఏనుగు హెచ్2. బంటు మంత్రి కావడానికి ఒక్క అడుగే ఉంది, కానీ దానికి అడ్డం సొంత రాజే. బయటికి రాగానే వెనకనుంచి చెక్‌ల మీద చెక్‌లు. ముందు ఏనుగుతో ఈ1లో చెక్ ఇచ్చి నల్ల రాజుని డి7కి తోలాలి. తర్వాతి ఎత్తే ప్రాణం: ఏనుగుని ఈ4కి తేవాలి. చూడటానికి అర్థంలేనట్టుంటుంది. కానీ రాజు ఎఫ్7, జి6, ఎఫ్6, జి5 అంటూ చెక్‌లు తప్పించుకుంటూ దిగి వచ్చాక, చివరి చెక్‌కి ఆ ఏనుగు జి4లో అడ్డం నిలబడుతుంది. ఇక చెక్‌లు లేవు, బంటు మంత్రి అయినట్టే. చదివితే అయిదు నిమిషాల్లో అర్థమవుతుంది. లిచెస్‌లో కంప్యూటర్ ఎదురు ఆడుతూ ఉంటే, ఒక్క ఎత్తు అటూ ఇటూ అయితే ఫెయిల్ అంటుంది, మళ్లీ మొదటికి రావాలి. అలా చేస్తేనే చేతికి ఎక్కుతుంది.

విజయవాడలో ఒక టోర్నమెంట్ ఆఖరి రౌండులో నాకు సరిగ్గా ఇదే వచ్చింది. ఎదురుగా పదేళ్ల బాబు, కుర్చీ మీద మోకాళ్లు వేసుకుని కూర్చున్నాడు. రేటింగ్ 1450. ఇక్కడ లెక్క ఒకటి చెప్పాలి. నాది 1650 అనుకుంటే, గెలిస్తే నాకు వచ్చేది అయిదు పాయింట్ల లోపే. ఓడితే పోయేది పదిహేను. వాడు గెలిస్తే వాడికి వచ్చేది ముప్పై, ఎందుకంటే ఒక ఆటతో రేటింగ్ ఎంత కదలాలో తేల్చే ఫిడే గుణకం 18 ఏళ్ల లోపు వాళ్లకి 40, మాకు 20. పెద్దవాళ్లకి రేటింగ్ టోర్నమెంట్లంటే ఎందుకంత గుబులో ఇప్పుడు అర్థమైందా? ఇద్దరికీ గడియారంలో ఎత్తుకి వచ్చే 30 సెకన్లే మిగిలాయి. ఆ పరిస్థితిలో ఈ4 గడి వెతుక్కునే టైము ఉండదు, చేయి తనంతట తాను వెళ్లాలి. వెళ్లింది. బాబు చెక్‌లన్నీ అయ్యాక జి4లో ఏనుగుని చూసి, "లూసెనా కదా ఆంటీ?" అని చెయ్యి కలిపాడు. వాడికీ తెలుసు! ఈ తరం పిల్లలతో ఇదే చిక్కు.

ఓపెనింగ్‌ల విషయంలో రెండు మాటలు చాలు. ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్‌లో మాస్టర్ల ఆటల పక్కనే లిచెస్ ఆటల ట్యాబ్ ఉంటుంది. అందులో రేటింగ్ శ్రేణి, ఆట వేగం ఎంచుకోవచ్చు. 1600 వాళ్ల మధ్య ఆడేవాళ్లకి గ్రాండ్‌మాస్టర్ల పద్దెనిమిదో ఎత్తుతో పనిలేదు. మన శ్రేణిలో అవతలివాళ్లు అయిదో ఎత్తుకి నిజంగా ఏం వేస్తున్నారో చూసుకుని దానికి సిద్ధమైతే సగం కష్టం తీరుతుంది.

కంప్యూటర్‌తో ఆడాలనుకునేవాళ్లకి ఒక సలహా. స్టాక్‌ఫిష్ తక్కువ స్థాయిలు మనిషిలా ఆడవు. పది ఎత్తులు దేవుడిలా ఆడి, పదకొండో ఎత్తులో ఉత్త పుణ్యానికి గుర్రాన్ని ఇచ్చేస్తుంది. దాని బదులు మాయియా అనే బాట్లని (సైట్లో ఖాతా ఉండి ఆడే ప్రోగ్రాములని) వెతికి ఆడండి. లిచెస్‌లో మనుషులు ఆడిన ఆటల మీదే వాటికి శిక్షణ ఇచ్చారు. మాయియా1 సుమారు 1100 వాళ్లలా, మాయియా5 1500 వాళ్లలా, మాయియా9 1900 వాళ్లలా ఆడేలా తయారుచేశారు. మనం తడబడే చోటే అవీ తడబడతాయి.

లోపాలు చెప్పాలి కదా. రేటింగ్‌ని నమ్మొద్దు. కొత్తగా చేరినవాళ్లని 1500తో మొదలుపెడతారు, లెక్క కూడా ఫిడే లెక్క కాదు, గ్లికో-2 అనే వేరే పద్ధతి. నా ర్యాపిడ్ (15+10 లాంటి ఆటల) రేటింగ్ అక్కడ 1900 దాటింది, ఫిడేతో పోలిస్తే మూడొందలు ఎక్కువ. ఆ అంకె చూసి మురిసిపోయి మొదటి టోర్నమెంట్‌కి వచ్చినవాళ్లు రెండో రౌండుకే నీరసపడిపోవడం చాలాసార్లు చూశాను. పైగా 2024 మార్చిలో ఫిడే వాళ్లు 2000 లోపు రేటింగ్‌లన్నీ ఒక్కసారి పెంచారు, అంతకుముందు 1450 ఉన్నవాళ్లకి 1670 అయింది, కనీస రేటింగ్ 1400 చేశారు. పాత రోజుల్లో ఎవరో రాసిన పోలిక పట్టికలు ఇప్పుడు చెల్లవు.

రెండోది, తెర మీద బోర్డు పైనుంచి కనబడుతుంది, బల్ల దగ్గర కూర్చుంటే వాలుగా కనబడుతుంది. దూరంగా మూలనున్న బిషప్ తెర మీద దొరికినంత తేలిగ్గా అక్కడ దొరకదు. తెర మీద బాణాలు గీసుకోవచ్చు, హాల్లో గీసుకోలేం. హాల్లో ప్రతి ఎత్తూ చేత్తో రాయాలి, వేయకముందు రాయకూడదు, ముట్టుకున్న పావునే కదపాలి. ఇవేవీ లిచెస్ నేర్పదు. అందుకని చుట్టేసుకునే వినైల్ బోర్డు, బరువున్న ప్లాస్టిక్ పావుల సెట్టు కొనుక్కోండి. కష్టమైన పజిళ్లు దాని మీద పేర్చి చేయండి. 30+20 ఆట ఆడేటప్పుడు పక్కన ఆ బోర్డు మీద కూడా ఎత్తులు వేస్తూ, స్కోర్‌షీట్ రాస్తూ ఆడితే ఇంకా మంచిది. మా ఆయన "ఒకటే ఆట రెండుసార్లు ఆడుతున్నావా?" అంటారు. అవునంటాను.

కోచ్ అక్కర్లేదా అని అడుగుతారు. మంచి కోచ్ దొరికితే లిచెస్ ఆయనకి సాటిరాదు, అనుమానమే లేదు. గ్రాండ్‌మాస్టర్ కోనేరు హంపిని తండ్రి అశోక్ గారు తీర్చిదిద్దారు. ఆమె 37 ఏళ్ల వయసులో 2024లో రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచిందంటే పునాది ఎలాంటిదో చూడండి. కానీ పెద్దవాళ్లకి మా ఊళ్లలో కోచ్ దొరకడమే గగనం. నేను ఒక ఆన్‌లైన్ అకాడమీలో డబ్బు కట్టి చేరాను, పేరు అనవసరం. పన్నెండు మంది పిల్లలతో కలిపి నన్ను కూర్చోబెట్టి, ప్రతి క్లాసులో పజిళ్లు తెర మీద పెట్టి చేయమన్నారు. నా ఆట ఒక్కటి కూడా ఎవరూ చూడలేదు. ఆ పజిళ్లు కూడా లిచెస్‌వే. నెలకి మూడు వేలు. ఎవరికైనా డబ్బు కట్టేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: నా ఆటలు మీరు చూస్తారా? తడుముకుంటే వదిలేయండి.

తోటి టీచర్లకి ఒక మాట. ఇందులో క్లాసు పెట్టుకునే సదుపాయం ఉంది. పిల్లలకి ఈమెయిల్ లేకపోయినా మనమే ఖాతాలు తెరిచి పాస్‌వర్డ్ ఇవ్వొచ్చు, ఎవరు ఎన్ని పజిళ్లు చేశారో, ఎన్ని ఆటలు ఆడారో మనకి కనబడుతుంది. కిడ్ మోడ్ పెడితే బయటివాళ్లతో చాటింగ్ ఉండదు. తల్లిదండ్రుల సందేహాల్లో తొంభై పాళ్లు దాంతోనే తీరిపోతాయి. మిగిలిన పది పాళ్లు "ఫోన్ ఎంతసేపు ఇవ్వాలి మేడమ్?" అన్నదే. దానికి నా దగ్గర ఉన్న జవాబు: 15+10 రెండు ఆటలు పట్టేంతసేపు.